పీజోవిద్యుత్ పదార్థాలు, స్ఫటికాలు

నొక్కినా, లాగినా, మెలిపెట్టినా తమ ముఖాల మీద విద్యుదావేశం పుట్టించే పదార్థాలను పీజోవిద్యుత్ పదార్థాలంటారు. నొక్కినప్పుడు ఒక ముఖం ధనావేశాన్ని, ఎదుటి ముఖం రుణావేశాన్ని చూపుతుంది. లాగినప్పుడు ఈ గుర్తులు తారుమారవుతాయి. ఇది అనులోమ ప్రభావం. అదే పదార్థానికి బయటినుంచి వోల్టేజి ఇస్తే అది రవ్వంత సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. ఇది విలోమ ప్రభావం. ఒకటి ఉన్న పదార్థంలో రెండోదీ తప్పక ఉంటుంది, రెండింటి గుణకమూ ఒక్కటే.

దీన్ని మరో రెండు ప్రభావాలతో కలిపి చూడకూడదు. రాపిడి వల్ల పుట్టే స్థిర విద్యుత్తు వేరు. విద్యుత్ బంధకాలన్నింటిలో ఎంతో కొంత కనిపించే ఎలక్ట్రోస్ట్రిక్షన్ వేరు. ఎలక్ట్రోస్ట్రిక్షన్‌లో వికృతి విద్యుత్ క్షేత్రపు వర్గానికి అనులోమంగా ఉంటుంది, కాబట్టి వోల్టేజి దిశ తిప్పినా ఫలితం మారదు. పీజోవిద్యుత్తులో సంబంధం సరళరేఖలో ఉంటుంది, దిశ తిప్పితే ఫలితమూ తిరగబడుతుంది.

సౌష్ఠవం: మూలకారణం (చూ. స్ఫటికశాస్త్రం, టెన్సర్లు)

ఒక స్ఫటికంలో పీజోవిద్యుత్తు ఉంటుందా ఉండదా అన్నది అందులోని మూలకాలు తేల్చవు, పరమాణువుల అమరిక తేలుస్తుంది. స్ఫటికానికి సౌష్ఠవ కేంద్రం ఉంటే, అంటే నడిమి బిందువుకు ఇటున్న ప్రతి పరమాణువుకూ అటువైపు సరిజోడు ఉంటే, ఎంత నొక్కినా ధనావేశాల కేంద్రం, రుణావేశాల కేంద్రం ఒకేచోట ఉండిపోతాయి. ఆ కేంద్రం లేని స్ఫటికంలో మాత్రమే అవి ఎడమై ద్విధ్రువం ఏర్పడే వీలుంది.

స్ఫటిక తరగతులు 32. వాటిలో సౌష్ఠవ కేంద్రం లేనివి 21. వీటిలో ఘనాకార వ్యవస్థకు చెందిన ఒక తరగతిలో భ్రమణ సౌష్ఠవాలు మరీ ఎక్కువ కావడంతో గుణకాలన్నీ రద్దయిపోతాయి. మిగిలిన 20 తరగతుల్లోనే పీజోవిద్యుత్తు సాధ్యం. ఈ ఇరవైలో పదింటికి నొక్కకముందే స్వతస్సిద్ధ ధ్రువణం ఉంటుంది. వేడి మారితే ఆ ధ్రువణం మారి ఆవేశం పుడుతుంది కనుక వాటిని పైరోవిద్యుత్ స్ఫటికాలంటారు. పైరోవిద్యుత్ స్ఫటికాల్లోనూ బయటి క్షేత్రంతో ధ్రువణాన్ని తిప్పగలిగినవి ఫెర్రోవిద్యుత్ పదార్థాలు.

వంటింటి సరుకులే ఇందుకు చక్కని ఉదాహరణలు. పటికబెల్లం కండ చక్కెర స్ఫటికం. దానికి సౌష్ఠవ కేంద్రం లేదు, అది పీజోవిద్యుత్ పదార్థం. పేరులో దానికి దగ్గరగా ఉన్న పటికకు సౌష్ఠవ కేంద్రం ఉంది, కాబట్టి అది కాదు. ఉప్పూ కాదు. వజ్రం, సిలికాన్ కూడా ఇదే కారణంతో ఈ జాబితాకు దూరం.

క్వార్ట్జ్ విషయానికొస్తే, దాని నిర్మాణంలో ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లున్న చతుర్ముఖులు మరమెట్ల వరుసలో పేరుకుని ఉంటాయి. ప్రధాన అక్షం వెంట చూస్తే ధన, రుణ ఆవేశాలు షడ్భుజి మూలల్లో ఒకటి విడిచి ఒకటి ఉన్నట్టు కనిపిస్తాయి. మామూలు స్థితిలో వాటి కేంద్రాలు కలిసే ఉంటాయి. అడ్డంగా ఉండే విద్యుత్ అక్షం వెంట నొక్కితే షడ్భుజి చప్పిడై కేంద్రాలు వేరవుతాయి. ప్రధాన అక్షం వెంటే నొక్కితే మాత్రం ఏమీ జరగదు. క్వార్ట్జ్‌ను ఏ కోణంలో కోశారన్నదానికి పరిశ్రమలో అంత పట్టింపు ఉండటానికి కారణం ఇదే.

శిలల్లో పీజోవిద్యుత్తు: శామీర్‌పేట గ్రానైట్ (చూ. పలుగురాయి, దక్కన్ పీఠభూమి)

హైదరాబాద్ ఉత్తర శివారులో సుచిత్ర కూడలి నుంచి కొంపల్లి మీదుగా మేడ్చల్ దాకా, తూర్పున రాజీవ్ రహదారి మీది శామీర్‌పేట దాకా నేలంతా గ్రానైట్. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ శిల ధార్వార్ శిలాఖండంలో భాగం. దీనిలో పాతిక నుంచి మూడో వంతు వరకు క్వార్ట్జే. ఇంటి పునాదికి తెచ్చిన రాయిని పగలగొట్టి చూస్తే గులాబీ లేదా తెలుపు ఫెల్డ్‌స్పార్ పలకల నడుమ బూడిదరంగులో, గాజుముక్కలా నిగనిగలాడే గింజలు కనిపిస్తాయి. అవే క్వార్ట్జ్. ఆ శిలను చీల్చుకుంటూ అక్కడక్కడ తెల్లగా సాగే చారలు పలుగురాయివి, అవీ క్వార్ట్జే.

అంత క్వార్ట్జ్ ఉన్న బండ మీద లారీ ఎక్కినా వోల్టేజి ఎందుకు రాదు? ఒక్కో గింజ నొక్కుడుకు తన వంతు ఆవేశాన్ని పుట్టిస్తూనే ఉంటుంది. కానీ గింజల విద్యుత్ అక్షాలు తలో దిక్కున ఉంటాయి. ఒకదాని ధనావేశాన్ని పక్కదాని రుణావేశం కొట్టేస్తుంది. శిల మొత్తం మీద మిగిలేది అత్యల్పం. అయినా అది పూర్తిగా సున్నా కాదు. సోవియట్ భూభౌతిక శాస్త్రజ్ఞులు వొలరోవిచ్, పార్ఖోమెంకో 1950ల్లో క్వార్ట్జ్ ఉన్న శిలల్లో ఈ ప్రభావాన్ని కొలిచారు. గింజల అక్షాలు కొంతమేరకైనా ఒకే దిక్కుకు తిరిగి ఉన్న క్వార్ట్జ్ చారల్లో అది మరింత స్పష్టం కావడంతో, అలాంటి చారలను వెతికే అన్వేషణ పద్ధతి ఒకటి దాన్నుంచి పుట్టింది. భూకంపాల వేళ కనిపించాయని చెప్పే వెలుగులకు ఇదే కారణమన్న ప్రతిపాదన కూడా ఉంది. గింజల దిక్కులు కలవకపోవడమే దానికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం.

తెలుగు రాష్ట్రాల్లో పలుగురాయిని గాజు, ఫెర్రో అల్లాయ్ పరిశ్రమల కోసం తవ్వుతారు. గడియారాలకు, రేడియోలకు అది పనికిరాదు. పగుళ్లు, మలినాలు ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం జంట స్ఫటికత. పైకి ఒకే ముక్కలా కనిపించే క్వార్ట్జ్‌లో విద్యుత్ అక్షం ఎదురు తిరిగిన భాగాలు కలిసిపోయి ఉండి, ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

చరిత్ర

టూర్మలీన్‌ను వేడిచేస్తే బూడిదను ఆకర్షిస్తుందని ఐరోపాలో పద్దెనిమిదో శతాబ్దానికే తెలుసు. నొక్కుడుకూ విద్యుత్తుకూ ఉన్న సంబంధాన్ని 1880లో పారిస్‌లో అన్నదమ్ములు జాక్ క్యూరీ, పియర్ క్యూరీ నిరూపించారు. వారు పరీక్షించిన వాటిలో క్వార్ట్జ్, టూర్మలీన్, చెరకు చక్కెర, రోషెల్ లవణం ఉన్నాయి. విలోమ ప్రభావం వారికి తట్టలేదు. ఉష్ణగతిక శాస్త్రం ప్రకారం అది ఉండి తీరాలని 1881లో గాబ్రియెల్ లిప్‌మన్ లెక్కగట్టాక, ప్రయోగంతో రుజువు చేసింది మళ్లీ ఆ అన్నదమ్ములే. రేడియోధార్మికత మీద మేరీ క్యూరీ పరిశోధనల్లో అతి స్వల్ప విద్యుత్ ప్రవాహాలను కొలిచింది ఈ క్వార్ట్జ్ పరికరంతోనే. ఏయే స్ఫటిక తరగతుల్లో ఏ గుణకాలు ఉంటాయో వోల్డెమార్ ఫోక్ట్ 1910లో తన స్ఫటిక భౌతికశాస్త్ర గ్రంథంలో క్రోడీకరించాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల బెడద తలెత్తడంతో 1917 నాటికి పాల్ లాంజెవాన్ ఉక్కు పలకల నడుమ క్వార్ట్జ్ ముక్కలు పేర్చి నీటిలో అతిధ్వనులు పంపే పరికరం చేశాడు. 1921లో వాలాసెక్ రోషెల్ లవణంలో ఫెర్రోవిద్యుత్తును గుర్తించాడు. ఆ దశకంలోనే వాల్టర్ కేడీ క్వార్ట్జ్ అనునాదకాన్ని రూపొందించగా, 1927లో బెల్ ప్రయోగశాలలో మారిసన్, హార్టన్ క్వార్ట్జ్ గడియారాన్ని నడిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియోల కోసం బ్రెజిల్ నుంచి సహజ క్వార్ట్జ్ పెద్ద ఎత్తున తరలింది. ఆ ఒక్క దేశం మీద ఆధారపడే పరిస్థితి తప్పించుకోవడానికే కృత్రిమ క్వార్ట్జ్ పెంపకం ఊపందుకుంది.

1940ల్లో అమెరికా, సోవియట్ యూనియన్, జపాన్‌లలో విడివిడిగా వెలుగుచూసిన బేరియం టైటనేట్‌తో పింగాణీ తరహా పీజోవిద్యుత్ పదార్థాల దశ మొదలైంది. 1954లో బెర్నార్డ్ జాఫే బృందం లెడ్ జిర్కొనేట్ టైటనేట్, అంటే పీజెడ్‌టీ, గుణాలను వెల్లడించింది. నేటికీ పరిశ్రమలో దానిదే పైచేయి.

భగవంతం, వాల్తేరు పరిశోధనలు (చూ. సూరి భగవంతం, ఆంధ్ర విశ్వవిద్యాలయం)

ఈ శాస్త్రానికి తెలుగువారి నుంచి వచ్చిన ముఖ్యమైన చేర్పు సూరి భగవంతం (1909–1989) ద్వారా జరిగింది. కృష్ణా జిల్లా గుడివాడ ప్రాంతంలో పుట్టి, హైదరాబాద్ నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి. తర్వాత బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, ఆపైన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు.

ప్రతిబలానికి ఆరు అంశాలు, విద్యుత్ ధ్రువణానికి మూడు. అందుచేత పీజోవిద్యుత్ టెన్సర్‌లో గరిష్ఠంగా 18 గుణకాలు ఉండవచ్చు. సౌష్ఠవం పెరిగే కొద్దీ వీటిలో కొన్ని సున్నా అవుతాయి, కొన్ని ఒకదానికొకటి సమానమవుతాయి. ఫోక్ట్ పద్ధతిలో ఒక్కో తరగతికీ అక్షాలు తిప్పుతూ, సమీకరణాలు సాధిస్తూ ఇవి తేల్చాలి. గ్రూప్ థియరీతో ఆ పని చిన్న లెక్కగా మారుతుందని భగవంతం చూపారు. ప్రతి సౌష్ఠవ క్రియకూ ఒక సంఖ్య కట్టి, వాటి సగటు తీస్తే స్వతంత్ర గుణకాలు ఎన్నో నేరుగా వచ్చేస్తుంది. క్వార్ట్జ్‌కు 2, టూర్మలీన్‌కు 4, చక్కెరకు 8, ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి మొత్తం 18. టి. వేంకటరాయుడుతో కలిసి రాసిన గ్రూప్ థియరీ గ్రంథం వాల్తేరు నుంచి 1948లో వెలువడింది. డి. సూర్యనారాయణతో కలిసి స్ఫటికాల భౌతిక ధర్మాలకు ఈ పద్ధతిని అన్వయించిన వ్యాసం 1949లో, సమగ్ర గ్రంథం ‘క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్’ 1966లో వచ్చాయి. ఈ పద్ధతి బలం ఏపాటిదో అంతకుముందే తేలింది. కాంతి స్థితిస్థాపక గుణకాల విషయంలో పోకెల్స్ ఇచ్చిన పాత పట్టికలో కొన్ని తరగతుల లెక్క తప్పని భగవంతం 1942లో ఎత్తిచూపారు.

సిద్ధాంతంతో పాటు ప్రయోగమూ సాగింది. 1944లో భగవంతం, జె. భీమసేనాచార్ వజ్రం స్థితిస్థాపక గుణకాలను అతిధ్వనులతో కొలిచారు. వజ్రం పీజోవిద్యుత్ పదార్థం కాదు, దానంతటది కంపించదు. అందుకని పీజోవిద్యుత్ స్ఫటికాన్ని ఒకవైపు మందంగా, మరోవైపు పలుచగా మేకు ఆకారంలో కోసి కంపనజనకంగా వాడారు. పలక మందం ఎంతైతే దానికి తగిన పౌనఃపున్యంలో అది అనునాదం చెందుతుంది. మేకు మందం అడుగడుగునా మారుతుంది కనుక ఒక్క స్ఫటికంతోనే ఎన్నో పౌనఃపున్యాలు చేతికొస్తాయి. నమూనా తన సహజ పౌనఃపున్యం దగ్గర ధ్వనిని ఎక్కువగా పోనిస్తుంది. దాన్నిబట్టి ధ్వనివేగం, వేగాన్నిబట్టి గుణకాలు. పెద్ద వజ్రాలు దొరకని చోట చిన్న ముక్కతో పని జరిపించిన ఉపాయమిది.

పదార్థాల రకాలు

ఏకస్ఫటికాల్లో ముఖ్యమైనది కృత్రిమ క్వార్ట్జ్. దాదాపు 350–400 డిగ్రీల వేడిలో, వెయ్యి వాతావరణాలకు మించే పీడనంలో, క్షార ద్రావణం నింపిన ఉక్కు ఆటోక్లేవుల్లో బీజ పలకల మీద దీన్ని రోజుకు మిల్లీమీటరు లోపు చొప్పున వారాల తరబడి పెంచుతారు. లిథియం నియోబేట్, లిథియం టాంటలేట్ మొబైల్ ఫోన్లలోని ఫిల్టర్లకు వాడతారు.

పీజెడ్‌టీ లాంటి సెరామిక్స్‌ది వేరే దారి. పొడులు కలిపి, అచ్చుపోసి, కాల్చిన పలకలో లెక్కలేనన్ని సూక్ష్మ స్ఫటికాలు తలో దిక్కున ఉంటాయి. ఆ దశలో అది పైన చెప్పిన గ్రానైట్‌కు భిన్నం కాదు, నొక్కినా ఫలితముండదు. వేడి నూనెలో ఉంచి మిల్లీమీటరుకు కొన్ని వేల వోల్టుల క్షేత్రం పెడితే ఫెర్రోవిద్యుత్ డొమైన్లు వీలైనంతవరకు ఆ దిశకు తిరుగుతాయి. చల్లారాక క్షేత్రం తీసేసినా చాలామట్టుకు అలాగే నిలుస్తాయి. ఈ పనిని పోలింగ్ అంటారు. క్వార్ట్జ్‌లో ధ్రువణం తిప్పే వీలు లేదు కాబట్టి రాతికి పోలింగ్ చేయలేం.

పాలిమర్లలో పీవీడీఎఫ్ ముఖ్యమైనది. దీని పీజోవిద్యుత్ గుణాన్ని 1969లో కవాయ్ కనుగొన్నాడు. వంగే గుణమున్న పలుచటి పొర కావడం దీని సౌలభ్యం. ఎముకలోనూ ఈ ప్రభావం ఉందని 1957లో ఫుకాదా, యసుదా చూపారు.

గుణకాలు, పరిమితులు

న్యూటన్ బలానికి ఎన్ని పికోకూలుంబుల ఆవేశం పుడుతుందన్నది మొదటి కొలత. క్వార్ట్జ్‌కు ఇది 2.3 మాత్రమే. బేరియం టైటనేట్‌కు సుమారు 190, పీజెడ్‌టీకి రకాన్నిబట్టి 300–600, కొన్ని కొత్త ఏకస్ఫటికాలకు 2,000 వరకు.

ఈ అంకెలు చూసి క్వార్ట్జ్‌ను తీసిపారేయడం పొరపాటు. కంపనం ఎంత తక్కువ నష్టంతో సాగుతుందో చెప్పే నాణ్యతా గుణకం క్వార్ట్జ్‌కు లక్ష దాటుతుంది, మెత్తని రకం పీజెడ్‌టీకి వంద లోపే. అందుకే కాలం కొలవడానికి క్వార్ట్జ్, బలంగా కదిలించడానికి పీజెడ్‌టీ.

ఉష్ణోగ్రత మరో హద్దు. క్యూరీ ఉష్ణోగ్రత దాటితే ఫెర్రోవిద్యుత్ పదార్థం పోలింగ్‌ను కోల్పోతుంది. బేరియం టైటనేట్‌కు ఆ హద్దు 120 డిగ్రీలు. పీజెడ్‌టీకి రకాన్నిబట్టి 200–350. క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర నిర్మాణం మార్చుకుంటుంది.

పనిచేసే తీరు: కొన్ని పరికరాలు

గ్యాస్ లైటర్: మీట నొక్కుతుంటే లోపలి స్ప్రింగు బిగుస్తూ పోతుంది. ఒక స్థాయిలో గొళ్లెం వదిలేయగానే చిన్న ఉక్కు సుత్తి పీజెడ్‌టీ స్తంభాన్ని ‘టక్’మని కొడుతుంది. ఆ దెబ్బకు పది వేల వోల్టుల స్థాయి పుట్టి, గాలిని చీల్చుకుని కొనల మధ్య నిప్పురవ్వ దూకుతుంది. వోల్టేజి అంత ఉన్నా ఆవేశం మైక్రోకూలుంబులో కొంతభాగమే కాబట్టి వేలికి తగిలితే చురుక్కుమంటుంది, ప్రమాదం ఉండదు.

క్వార్ట్జ్ గడియారం: చిన్న శ్రుతిదండం ఆకారపు స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది, అదే సెకను ముల్లు అడుగు. జపాన్ కంపెనీ సీకో 1969 డిసెంబరు 25న తొలి క్వార్ట్జ్ చేతిగడియారాన్ని విడుదల చేసింది. అదే సీకో సాంకేతిక సహకారంతో తర్వాత హైదరాబాద్ ఆల్విన్ గడియారాలు తయారుచేసింది. ఈ స్ఫటికం 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. ఉష్ణోగ్రత పెరిగినా తగ్గినా వేగం తగ్గుతుంది, తగ్గుదల తేడా వర్గానికి అనులోమం. మే నెలలో 42 డిగ్రీలున్న గదిలో గోడ గడియారం ఈ లెక్కన రోజుకు 0.85 సెకను దాకా వెనకబడుతుంది.

స్కానింగ్ ప్రోబ్: సన్నని పీజెడ్‌టీ పట్టీలు వరుసగా పేర్చిన ఈ పరికరంలో అవే పట్టీలు 2 నుంచి 15 మెగాహెర్ట్జ్ అతిధ్వనులు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనులను వింటాయి. ప్రోబ్‌కూ చర్మానికీ మధ్య గాలి పొర ఉంటే ధ్వని దాదాపు మొత్తం వెనక్కి మళ్లుతుంది, జెల్ పూసేది అందుకే. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణకు దీన్ని వాడటాన్ని 1994 నాటి చట్టం నిషేధించింది. సుచిత్రకు ఆనుకుని ఉన్న జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల్లో వెల్డింగు అతుకుల లోపలి పగుళ్లను పట్టేదీ ఇదే సూత్రం.

స్ఫటిక త్రాసు: 5 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ పలక మీద చదరపు సెంటీమీటరుకు 17.7 నానోగ్రాముల పదార్థం చేరితే పౌనఃపున్యం ఒక హెర్ట్జ్ తగ్గుతుంది. 1959లో జౌర్‌బ్రే ఇచ్చిన సమీకరణం ఇది. శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో జరిగే తరహా జీవశాస్త్ర పరిశోధనల్లో ప్రోటీన్ల అతుకును ఇలా తూచవచ్చు.

సముద్రగర్భ పీడనమాపకం: మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో 2007 అక్టోబరు నుంచి భారత సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం నడుస్తోంది. ఇలాంటి కేంద్రాలు నడిసముద్రంలో అడుగున ఉంచిన పీడనమాపకాల మీద ఆధారపడతాయి. అమెరికా డార్ట్ తరహా పరికరాల్లో నీటి బరువుకు క్వార్ట్జ్ కంపన పౌనఃపున్యం మారుతుంది. ఆరు వేల మీటర్ల లోతున ఉండి పైన ఒక సెంటీమీటరు సునామీ అలను కూడా అవి పసిగట్టగలవు.

ఇంక్‌జెట్ ప్రింటర్లు, డీజిల్ ఇంజెక్టర్లు, దంతవైద్యుల స్కేలర్లు, వీణకు అంటించే కాంటాక్ట్ మైకులు కూడా ఈ కోవలోవే.

శక్తి సేకరణ (చూ. పునరుత్పాదక శక్తి)

రోడ్ల కింద, రైల్వే ప్లాట్‌ఫారాల కింద పీజోవిద్యుత్ పలకలు పరిచి కరెంటు తీయవచ్చన్న ఆలోచన తరచుగా వార్తల్లోకి వస్తుంది. లెక్క వేస్తే దాని స్థాయి తెలుస్తుంది. 70 కిలోల మనిషి అడుగుకు పలక 5 మిల్లీమీటర్లు దిగితే వెలువడే శక్తి సుమారు 3.5 జౌళ్లు. 15 వాట్-అవర్ ఫోన్ బ్యాటరీ నిండాలంటే 54,000 జౌళ్లు కావాలి. రవ్వంత కూడా వృథా కాదనుకున్నా 15 వేలకు పైగా అడుగులు పడాలి. రోడ్డు మీద అయితే ఆ శక్తి చివరికి బండి ఇంధనం నుంచే వస్తుంది. సుచిత్ర కూడలిలో ఎంత రద్దీ ఉన్నా ఈ లెక్క మారదు. తీగ వేయడం, బ్యాటరీ మార్చడం కష్టమైన చోట, ఉదాహరణకు వంతెన కంపనాలతో నడిచే చిన్న సెన్సర్లకు, ఈ పద్ధతి నిజంగా అక్కరకొస్తుంది.

సీసం సమస్య

పీజెడ్‌టీ బరువులో సగానికి పైగా సీసమే. విద్యుత్ పరికరాల్లో సీసాన్ని పరిమితం చేసిన ఐరోపా సమాఖ్య నిబంధనలు, సరైన ప్రత్యామ్నాయం లేక పీజోవిద్యుత్ సెరామిక్స్‌కు మినహాయింపు ఇచ్చాయి. పొటాషియం సోడియం నియోబేట్ ఆధారంగా పీజెడ్‌టీకి దీటైన సీసరహిత సెరామిక్‌ను 2004లో జపాన్‌కు చెందిన సైతో బృందం ప్రకటించింది. గింజలను ముందుగానే ఒక దిక్కుకు తిప్పి పెంచడం వారి పద్ధతిలో కీలకం. అయితే క్షార లోహాలు కాల్చేటప్పుడు ఆవిరైపోవడం, ఉష్ణోగ్రతతో గుణాలు మారిపోవడం వల్ల దాని తయారీ ఖరీదైన వ్యవహారంగానే ఉంది. పాడైన లైటర్లు, బజర్లు మామూలు చెత్తలో కలిసినప్పుడు వాటిలోని సీసమూ చెత్తకుప్పకే చేరుతుంది.